పద్నాలుగో గడి

శోభనాద్రి గారికి ఒకటే జబ్బు. ఒకసారి కాగితం మీద పడ్డ అక్షరాన్ని ఆయన కొట్టేయరు. తప్పైనా కొట్టేయరు, తప్పని ఊరంతా వచ్చి చెప్పినా కొట్టేయరు. చిలకలపూడి బళ్ళో పిల్లలు లెక్క తప్పు చేసి దొరికిపోతే "శోభనాద్రి గారిలా వదిలేశానండీ" అని చెప్పి, మేష్టారి చేత ఇంకో రెండు తినేవాళ్ళు.

బంధువులింటి శుభలేఖలో ఎనిమిదో తేదీకి బదులు పద్దెనిమిది అని అచ్చయింది. పెళ్ళివారు ఇంటింటికీ తిరిగి లబోదిబోమంటూ చెప్పుకున్నారు. ఆయన విన్నారు, తలూపారు, పద్దెనిమిదో తేదీన ఇస్త్రీ పంచె కట్టుకుని, స్టీలు బిందె చంకన పెట్టుకుని ఉయ్యూరు బస్సెక్కారు. అప్పటికి పెళ్ళికూతురు అత్తవారింట్లో కూర తాలింపు వేస్తోంది. పెళ్ళికూతురి తండ్రి బిందె పుచ్చుకుని, ఆవకాయ అన్నం పెట్టి పంపించాడు.

"పెళ్ళి బాగా జరిగిందా?" అని ఇంటి దగ్గర భార్య మహాలక్ష్మమ్మ గారు అడిగారు.

"బాగానే జరిగింది. జనమే పల్చగా ఉన్నారు" అన్నారాయన.

ఆ మహాలక్ష్మమ్మ గారి వయసు రేషన్ కార్డులో నలభై ఎనిమిదికి బదులు ఎనిమిది అని పడింది. దిద్దించుకు రమ్మని డీలరు పోరు పెట్టాడు. "ఎనిమిదేళ్ళ పిల్లకి కిరోసిన్ ఎలా ఇవ్వమంటారండీ?" అంటే, "ఎనిమిదేళ్ళ పిల్ల మా ఇంట్లో ఇద్దరికి వండుతోందయ్యా, జాలిపడి ఇవ్వు" అన్నారు. ఆవిడ మాత్రం ఆ కార్డును బియ్యం డబ్బాలో అడుగున దాచిపెట్టి, ఎవరైనా చుట్టాలొస్తే తీసి చూపించి తిట్టేవారు.

అన్నిటికన్నా ఘనమైనది గోడ మీద బోర్డు. ఎనభై నాలుగులో వీధి గది అద్దెకిద్దామని, ఎర్ర పెయింటుతో గోడ మీద 'గది అద్దెకు ఇవ్వబడును' అని స్వయంగా రాశారు. పెయింటు ఆరేలోగా మనసు మారి, ఆ గదిలో తన పనిముట్లు పెట్టుకున్నారు. బోర్డు మాత్రం ఉండిపోయింది. వారానికి ఒకరో ఇద్దరో వచ్చి తలుపు తట్టడం, "లేదు బాబూ, లోపలికి రండి, కాఫీ తాగి వెళ్ళండి" అని ఆయన అనడం, మహాలక్ష్మమ్మ గారు గిన్నె పొయ్యి మీద పడేసే చప్పుడు. బందరులో ఇల్లు వెతుక్కునే కొత్తవాళ్ళందరికీ ఆ ఇంటి కాఫీ రుచి తెలుసు.

ఎదురింటి వాణికి ఇదంతా చిన్నప్పటి నుంచీ చూసిన వినోదం. వాణి ఎక్కువ మాట్లాడేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని, రోల్డ్ గోల్డ్ నెక్లెసులకు రాళ్ళు అతికిస్తూ, వీధిలో జరిగేదంతా చూసేది. ఆమె తండ్రి, శోభనాద్రి గారు ఒకే షాపులో బంగారు పూత పని చేసేవారు. యాసిడ్ తొట్ల దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడ్డ తండ్రికి దగ్గు పట్టుకుంది, మంచం ఎక్కాడు. వాణి తొమ్మిదో తరగతి మధ్యలో ఇంట్లో కూర్చుంది. నెల తర్వాత టీసీ కోసం తల్లి రమణమ్మ బడికి వెళ్తూ, కాగితాలేమైనా అడుగుతారేమోనని శోభనాద్రి గారిని తోడు తీసుకెళ్ళింది. వాణి గుమ్మం దగ్గరే నిలబడింది. టీచరు హాజరు పట్టీ తెరిచి, ఎర్ర సిరాతో ఆమె పేరు మీద ఒక గీత గీశారు. చిన్న గీత. పెన్ను చప్పుడు గుమ్మం దాకా వినిపించింది.

పూత షాపుల్లో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం పనివాళ్ళు ఇంటికి వెళ్ళేముందు చేతులు డ్రమ్ములో కడుక్కోవాలి. నేల ఊడ్చిన దుమ్ము కూడా ఆ డ్రమ్ములోకే. ఏడాదికోసారి ఆ బురదను గాలిస్తే అడుగున కాసింత బంగారం మిగులుతుంది. అది యజమానిది. చేతులు మాత్రం పనివాడివి. ముప్ఫై ఏళ్ళు ఆ బురద గాలించిన శోభనాద్రి గారికి, రిటైరయ్యాక మంగినపూడి సముద్రపు ఒడ్డున నల్ల ఇసుక కనిపించింది. అందులో ఇల్మనైట్ అనే బరువైన ఖనిజం ఉంటుందనీ, విమానాల్లో వాడే లోహం దాంట్లోంచే తీస్తారనీ ఎక్కడో చదివారు. అంతే, వీధి గదిలో ఒక మిషను పుట్టింది. పాత కుట్టుమిషను తొక్కుడు, గాడులు కొట్టిన రేకు పళ్ళెం, పైన నీళ్ళ డబ్బా. తొక్కుతుంటే పళ్ళెం ఊగుతుంది, తేలిక ఇసుక ముందుకు పోతుంది, నల్లది వెనక్కు మిగులుతుంది.

తొంభై ఏడులో పేపర్లో ప్రకటన పడింది. దేశానికి అత్యవసరమైన అరుదైన ఖనిజాలను శుద్ధి చేసే కొత్త పద్ధతులకు ఢిల్లీ వాళ్ళు గ్రాంటు ఇస్తారట. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చునట. ఆ 'ఎవరైనా' అన్న మాట కింద శోభనాద్రి గారు గీత గీశారు. కింద గీయడానికి ఆయనకు అభ్యంతరం లేదు.

"వాణమ్మా, నీ చేతిరాత రాళ్ళు పొదిగినట్టుంటుంది. నువ్వు రాయాలి" అన్నారు.

"ఇంగ్లీషులోనా మావయ్యా? నాకు రాదు."

"నాకూ రాదు. దయానందానికి వచ్చు."

దయానందం పోస్ట్‌మాన్. ఇంటర్ పాసయ్యాడు. ఉత్తరాలు పంచడం అయ్యాక అరుగు మీద సైకిలు ఆనించి, టోపీ తీసి, ఇంగ్లీషు చెప్పేవాడు. శోభనాద్రి గారు తెలుగులో అనడం, దయానందం దాన్ని ఇంగ్లీషులో నెమ్మదిగా పలకడం, వాణి ఒక్కో అక్షరం దిద్దినట్టు రాయడం. ఒక అప్లికేషన్‌కి పదకొండు రోజులు పట్టింది. అర్థం కాని మాటనల్లా వాణి వేరే నోటు పుస్తకంలో రాసుకునేది.

"ఏడో గడి. ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం ఏంటి?" అని దయానందం అడిగాడు.

"మా ఆవిడ బియ్యం గాలించడం."

"అలా రాస్తే బాగోదు బాబాయ్ గారూ."

"నిజం బాగోకపోతే నేనేం చెయ్యను? రాయమ్మా."

పద్నాలుగో గడి దగ్గర ఆయన ఆగారు. సహాయకుల పేరు, అర్హత. లోపలికి వెళ్ళి గుప్పెడు ఇసుక తెచ్చి కాగితం మీద పోశారు.

"ఏం కనిపిస్తోంది?"

వాణి వంగి చూసింది. "నల్లవి రెండు రకాలున్నాయండి. మెరిసేవి వేరు, మెరవనివి వేరు. మధ్యలో ఎర్రవి ఉన్నాయి, కెంపు పొడిలాగా. ఈ మూలన ఏడున్నాయి."

దయానందం భూతద్దం పెట్టి వెతికి, ఆరు దొరికాయన్నాడు. వాణి గోటితో ఏడోది చూపించింది.

"రాయి. పేరు: వాణి. అర్హత: చూపు" అన్నారు శోభనాద్రి గారు.

గ్రాంటు వస్తే ఆయనకు పెద్ద మిషను. వాణికి మూడేళ్ళ ఉద్యోగం, జీతం, పేరు పక్కన సంతకం పెట్టడానికి ఒక రిజిస్టరు. ఆ రోజు నుంచి ఆమె ఎవరికీ చెప్పకుండా దయానందం సైకిలు గంట కోసం చెవి ఒగ్గి ఉండేది.

ఢిల్లీ నుంచి మొదటి జవాబు ఏడు నెలలకు వచ్చింది. 'శాస్త్రీయ ఆధారంగా చూపిన గ్రంథం పేరు, పేజీ నంబరు తెలుపవలెను.' శోభనాద్రి గారు వెంటనే జవాబు చెప్పించారు: 'గ్రంథం లేదు. ఆవిడ వంటింట్లో ఉంటుంది. ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.'

వాళ్ళు నిజంగానే వచ్చారు. జయప్రకాష్ అనే తెలుగు ఆఫీసరు, ఇంకో ఇద్దరు నిపుణులు. శోభనాద్రి గారు రెండు రిక్షాల నల్ల ఇసుక తెప్పించి పెరట్లో పోయించి, ఆ ఉదయం లడ్డూలు కొనడానికి బజారుకు వెళ్ళారు. ఆ గంటలోనే ఘోరం జరిగింది.

తిరిగి వచ్చేసరికి పెరట్లో ఇసుక పంచదారలా తెల్లగా మెరుస్తోంది. రమణమ్మ, పక్కింటి పుష్పావతి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి చెమటలు తుడుచుకుంటున్నారు.

"ఎక్కడో ఢిల్లీ నుంచి వచ్చేవాళ్ళకి ఆ నల్లటి మురికి ఎలా చూపిస్తాం అన్నయ్య గారూ? అందరం కలిసి నాలుగు నీళ్ళు పోసి గాలించేశాం. చూడండి, ఒక్క నల్ల నలుసుంటే ఒట్టు" అంది రమణమ్మ.

"మరి ఆ నల్లదంతా ఏదమ్మా?"

"సైడు కాలవలో పోశాం."

అప్పుడే గుమ్మం ముందు అంబాసిడర్ కారు ఆగింది. ఇంకెవరైనా అయితే కూలబడేవారు. శోభనాద్రి గారు లడ్డూల పొట్లం నిపుణుల చేతిలో పెట్టి, ముగ్గురినీ తిన్నగా సైడు కాలవ దగ్గరికి తీసుకెళ్ళారు. పాత స్పీకరులోంచి తీసిన పెద్ద అయస్కాంతాన్ని తాడు కట్టి కాలవలోకి దించారు. పైకి లాగితే దానికి జానెడు నల్లగడ్డం.

జయప్రకాష్ గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "మిషను చూడాలని వచ్చాం శోభనాద్రి గారూ. కాలవ కాదు."

"మిషనుదేముందండీ, రేపైనా ఊగుతుంది. సిద్ధాంతం రుజువైందా లేదా చెప్పండి. నాలుగు చాటలు, నలుగురు ఆడవాళ్ళు, కరెంటు ఖర్చు లేదు. నల్లదాన్నీ తెల్లదాన్నీ పూర్తిగా విడదీశారు. పారబోశారనుకోండి, అది వేరే సంగతి."

నిపుణులిద్దరూ మొహం తిప్పుకున్నారు. జయప్రకాష్ గారు మాత్రం నవ్వారు. తన సంచీలోంచి వేరే తీరం ఇసుక పొట్లం తీసి, చిటికెడు కాగితం మీద వేసి, "పద్నాలుగో గడి ఎవరు?" అని అడిగారు. వాణి తలుపు చాటు నుంచి రావడానికి రెండు నిమిషాలు పట్టింది. చూడటానికి అర నిమిషం. "ఎర్రవి ఇరవై మూడండి" అంది నేల చూస్తూ. ఆయన లెన్సు పెట్టి లెక్కపెడితే ఇరవై రెండు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టారు. ఇరవై మూడు. పుస్తకంలో ఏదో రాసుకుని, రెండో లడ్డూ తీసుకున్నారు.

గ్రాంటు వచ్చేసినట్టే అని వీధంతా అనుకున్నారు. మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. దయానందం దాన్ని లోపలికి తీసుకెళ్ళి శోభనాద్రి గారికి మాత్రమే చదివి వినిపించి, బయటికి వచ్చి, వాణి వైపు చూడకుండా సైకిలెక్కాడు.

"ఏమన్నారు మావయ్యా?"

"ఏదో చిన్న అభ్యంతరంలే. ఒక గడిలో ఏదో దిద్దాలిట."

"అయితే దిద్దుదాం. ఏ గడి?"

"దిద్దడమా?" అన్నారాయన, తాగని కాఫీ ఒంపెయ్యమన్నంత ఆశ్చర్యంగా. "రాసింది రాసినట్టే మళ్ళీ పంపుదాం."

పంపారు. ఆరు నెలలకు అదే జవాబు. మళ్ళీ పంపారు. ఒక్క అక్షరం తేడా లేకుండా నాలుగుసార్లు అదే అప్లికేషన్. ఈలోగా వాణికి అందులోని ఇంగ్లీషంతా నోటికొచ్చింది, తండ్రి పోయాడు, రాళ్ళ పనికి కూలి తగ్గింది. శుభలేఖ తప్పయినప్పుడు నవ్వింది, రేషన్ కార్డు తప్పయినప్పుడు నవ్వింది. ఇప్పుడు ఆ జబ్బు తన అన్నంలో పడ్డాక నవ్వు రాలేదు. నాలుగోసారి తిరిగొచ్చిన రోజున, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

"ఒక్క గీత మావయ్యా! ఒక్క గీత గీస్తే వచ్చే ఉద్యోగం. మీ జబ్బు మీకు ముచ్చటగానే ఉంటుంది. నాకు కళ్ళు పోతున్నాయి."

"కాఫీ తాగుతావా అమ్మా?" అన్నారు శోభనాద్రి గారు.

ఆమె పెన్ను ఆయన అరుగు మీదే వదిలేసి వచ్చేసింది. ఏడాది పాటు ఆ గడప తొక్కలేదు. ఎదురుగా గోడ మీద 'గది అద్దెకు ఇవ్వబడును' అని కనిపించినప్పుడల్లా కిటికీ రెక్క మూసుకునేది.

రెండు వేల ఒకటిలో గుడివాడ దారిలో కొత్తగా లేచిన ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వ్యాను వచ్చింది. గ్రాంటు కాలేజీకి మంజూరైందట, మిషను వాళ్ళు తీసుకెళ్తారట. శోభనాద్రి గారు దగ్గరుండి తొక్కుడు, పళ్ళెం, డబ్బా ఎక్కించారు. వీధంతా ముసలాయన్ని ముంచేశారని చెప్పుకుంది. వారం తిరగకుండా వాణికి ఉత్తరం వచ్చింది. ప్రాజెక్టు అసిస్టెంటు, మూడేళ్ళు. జయప్రకాష్ గారికి ఆ ఇరవై మూడో ఎర్ర రేణువు గుర్తుండి ఉంటుందనుకుంది. ఎదురింటికి వెళ్ళి చెప్పాలా వద్దా అని బస్సొచ్చేదాకా ఆలోచించి, చెప్పకుండానే ఎక్కింది.

కాలేజీలో మిషనుకు ఆకుపచ్చ రంగు వేశారు. చైర్మన్ గారి పేరుతో ఇత్తడి పలక కొట్టారు. ఆ పలక బరువుకి పళ్ళెం ఒక పక్కకి ఒరిగి, ఊగడం మానేసింది. దాని మీద టార్పాలిన్ కప్పారు. గ్రాంటులో పెద్ద ముక్క ప్రిన్సిపాల్ గారి గదికి ఏసీ అయింది. ఖనిజాలను తగిన ఉష్ణోగ్రతలో ఉంచుటకు అని రాశారు. ఆ గదిలో ఖనిజమన్నది ప్రిన్సిపాల్ గారి ఉంగరంలో రాయి ఒక్కటే. ల్యాబులో నిజంగా జరిగే పని వాణిదే. బల్ల దగ్గర కూర్చుని లెన్సు కింద రేణువులు లెక్కపెట్టేది, రిజిస్టర్లో సంతకం పెట్టేది. దివిసీమ నుంచి వచ్చిన ఇసుక, మంగినపూడి ఇసుక, ఏది ఎక్కడిదో వాసన చూసినట్టు చెప్పేది. నెల నెలా జీతం వచ్చేది. కళ్ళకు అద్దాలు కొనుక్కుంది. ప్రైవేటుగా టెన్త్ ఫీజు కట్టింది.

ఒకరోజు కమిటీ వస్తోందని క్లర్కు హడావిడి పడి, "వాణి గారూ, ఢిల్లీ నుంచి వచ్చిన ఈ ప్రాజెక్టు ఫైలు కాస్త దులిపి వరసగా పెట్టండి" అని ఆమె ముందు పడేసి వెళ్ళాడు.

వాణి దులిపింది. వరసగా పెట్టడానికి చదవాల్సి వచ్చింది. నాలుగు అప్లికేషన్లూ తన చేతిరాతే. ఒక్కోదాని వెనక ఢిల్లీ ఉత్తరం. నాలుగింట్లోనూ ఒకటే మాట. ఆ మాటల్లో ఆమె నోటు పుస్తకంలో లేనిది ఒక్కటీ లేదు. 'పద్ధతి పరిశీలించదగినది. పద్నాలుగో గడిలోని పేరు కొట్టివేసి, ఎమ్మెస్సీ చదివిన వారి పేరు రాసిన యెడల గ్రాంటు మంజూరుకు అభ్యంతరం లేదు.'

నాలుగింటికీ దయానందం చేతిరాతలో జవాబులున్నాయి. 'రాసినది కొట్టే అలవాటు నాకు లేదు. శోభనాద్రి.'

అడుగున కాలేజీవాళ్ళ ఉత్తరం ఉంది. పద్ధతిని కాలేజీకి అప్పగిస్తే దరఖాస్తు తాము పెడతామనీ, కానీ డిగ్రీ లేని పేర్లు రెండు ఉంటే బాగుండదు కనుక ఒకటి ఉంచి ఒకటి తీసేయమనీ. దానికి జతగా, ఒప్పుకోలు కాగితం కింద పాత అప్లికేషన్ జిరాక్సు. మూడో గడి, పద్ధతి కనిపెట్టినవారు: శోభనాద్రి. ఆ పేరు మీద ఒక గీత. స్కేలు పెట్టి గీశారు. అలవాటు లేని చెయ్యి కదా, చివర్లో స్కేలు జారి గీత కిందికి వంగింది. పద్నాలుగో గడి మాత్రం రాళ్ళు పొదిగినట్టు అలాగే ఉంది. వాణి. అర్హత: చూపు.

మధ్యాహ్నం సెలవు పెట్టి బందరు బస్సెక్కింది. తిన్నగా ఎదురింటికే వెళ్ళింది. శోభనాద్రి గారు ఖాళీ వీధి గదిలో చాప వేసుకుని పేపరు చదువుతున్నారు. మహాలక్ష్మమ్మ గారు గుమ్మంలో వడియాల పిండి కలుపుతున్నారు.

"మూడో గడిలో కొట్టేశారు" అంది వాణి, చెప్పులు కూడా విప్పకుండా.

శోభనాద్రి గారు దొంగతనం బయటపడ్డట్టు భార్య వైపు చూశారు.

"ఏంటే, ఏం కొట్టేశారు?" అన్నారు ఆవిడ.

"మావయ్య పేరే అత్తయ్యా. నా పేరు తియ్యమంటే నాలుగుసార్లు ఒప్పుకోకుండా, తన పేరు తీసేసుకున్నారు."

ఆవిడ పిండిచేత్తోనే లేచి నిలబడ్డారు. "పదిహేడేళ్ళుగా ఆ బోర్డు మీద సున్నం పుయ్యండీ అంటే మీకు చెయ్యి రాలేదు. సొంత పేరు మీదికి ఎలా వచ్చిందండీ?"

"ఎవరిదో ఒకరిది తియ్యాలన్నారే" అని నసిగారు శోభనాద్రి గారు. తర్వాత వాణి వైపు తిరిగి, పాలవాడితో బేరమాడుతున్నంత మామూలుగా అన్నారు. "నీ పేరు ఒకసారి బళ్ళో కొట్టేశారు కదమ్మా. ఒకే పేరుని ఎన్నిసార్లని కొడతారు? నాదైతే కొత్తది."

వాణి అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పైగా స్కేలు పెట్టి సన్నగా గీశాను. కింద పేరు కనిపిస్తూనే ఉంటుంది. నువ్వు చదివావా లేదా?"

"చదివాను మావయ్యా."

"మరింకేం? కొట్టేసినట్టు కాదు."

వీధిలో స్కూటరు ఆగింది. ఎవరో కొత్త మొగుడూపెళ్ళాలు, చేతిలో రెండు సంచీలు, గోడ వంక చూస్తూ నిలబడ్డారు.

"ఏమండీ, గది అద్దెకుందాండీ?"

మహాలక్ష్మమ్మ గారు అలవాటుకొద్దీ గిన్నె కోసం లోపలికి నడిచారు. శోభనాద్రి గారు కూడా అలవాటుకొద్దీ "లేదు బాబూ" అనబోయి, చుట్టూ ఖాళీ గదిని చూసి, ఆగిపోయారు. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఉంది!" అని కేకేశారు. "ఉంది, రండి రండి! ఏమేవ్, విన్నావా? నీ మాట విని ఆ బోర్డు కొట్టేసుంటే ఇవాళ వీళ్ళు వెళ్ళిపోయేవాళ్ళా కాదా?"

లోపల గిన్నె పొయ్యి మీద పడ్డ చప్పుడు వినిపించింది.

"కాఫీలు ఎన్ని?" అని అరిచారు మహాలక్ష్మమ్మ గారు.

వాణి చెప్పులు విప్పి, అందరినీ ఒకసారి చూసి, లెక్కపెట్టి చెప్పింది. "అయిదు, అత్తయ్యా."